ఎర్ర బల్బు కింది పాఠకుడు

స్టూడియో ఆయన నోటివెంట "పరవాలేదు" అన్న మాట రావాలంటే పెట్టి పుట్టి ఉండాలి. పెళ్ళికొడుకు ఫోటోలో రాజకుమారుడిలా వచ్చినా, కుదురుగా కూర్చోని పసిపిల్ల నోరంతా తెరిచి నవ్విన క్షణం సరిగ్గా చేతికి చిక్కినా, ఆయన తడి ప్రింటును క్లిప్పుకు తగిలించి, తల ఒక పక్కకు వాల్చి చూసి, "ఊఁ" అనేవాడు. మరీ మరీ బాగుంటే "పరవాలేదు." అంతకు మించిన మెప్పు ఆయన దగ్గర సరుకు లేదు. ఆయన కూతురు చిట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ ఒక్క మాటకు మొహం వాచి ఉంది.

చిట్టి అన్నది ఇంట్లో పిలుపు. మనిషి ఎదిగి, కళ్ళజోడు పెట్టి, ఉద్యోగంలో చేరినా ఆ పిలుపు వదల్లేదు. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోయింది. నాన్నకు అక్క, చిట్టికి అత్తయ్య, ఆ ఇంటికీ స్టూడియోకీ కూడా పెద్దదిక్కు. ఆవిడ నోరు మంచిదనుకుంటే పొరపాటు. కానీ చేయి మాత్రం బంగారం. నలుపు తెలుపు ఫోటోలకు చేత్తో రంగులు వేసేది.

ముందు గదిలో కిటికీ పక్కన ఆవిడ కుర్చీ. ఒళ్ళో పలక, పలక మీద ఫోటో, పక్కన మూతలు సరిగ్గా పట్టని రంగు డబ్బాలు. ఫోటో ఇచ్చి వెళ్ళేవాళ్ళను ఆపి అడిగేది.

"ఆ శాలువా ఏ రంగమ్మా?"

"బూడిద రంగండీ. కానీ మీరు నీలం వేసెయ్యండి."

"అంచు?"

"అంచు లేదండీ. పెట్టెయ్యండి, ఏం పోయింది!"

అత్తయ్య నీలం వేసేది, లేని అంచూ పెట్టేది. పక్కన కూర్చుని చూస్తున్న చిట్టి, "అబద్ధం కదా అత్తయ్యా?" అంటే, కుంచె తడుపుకుంటూ అనేది: "ఫోటో వేలాడేది వాళ్ళ గోడకే. పొద్దున లేచి చూసుకునేదీ వాళ్ళే. మధ్యలో నా సొమ్మేం పోయిందే? చూసే కళ్ళెవరివో కనుక్కుని వెయ్యాలి రంగు. లేకపోతే గోడకు సున్నం కొట్టుకోవడం మేలు." చిట్టికి రంగుల చదువంతా ఆ కిటికీ పక్కనే అయింది. తర్వాత ఏ బడిలోనూ ఎవరూ అంతకన్నా ఎక్కువ చెప్పలేదు.

ఆ గది వెనక షూటింగు గది. మేడ, మెట్లు, దూరంగా సముద్రం గీసిన పాత తెర. ఆ తెర ముందు నిలబడని కుటుంబం ఆ వీధిలో లేదు. దాని వెనక మందపాటి నల్ల పరదా, పరదా వెనక తలుపు, తలుపు వెనక ఫోటోలు కడిగే డార్క్‌రూమ్. లోపల ఎర్ర బల్బు వెలుగుతుంటే ఎవరూ తలుపు తీయకూడదు, బయటి వెలుతురు పడితే ఫోటోలు పాడవుతాయి. కొట్టి ఆగాలి. లోపల్నుంచి "ఆగు" అంటే ఆగాలి, "రా" అంటే వెళ్ళాలి. ఇంటికి ఎంత పెద్ద చుట్టం వచ్చినా ఈ పద్ధతి మారలేదు.

చిన్నప్పుడు చిట్టికి ఆ గదిలో ఒక ఆట ఉండేది. బడికి ఎర్ర రిబ్బను కట్టుకెళ్ళేది. సాయంత్రం వచ్చి లోపలికి దూరగానే, ఆ బల్బు కింద రిబ్బను ఎరుపంతా ఆవిరైపోయి తెల్లగా అయిపోయేది. జడ ముందుకు వేసుకుని చూసుకుని అడిగేది.

"నాన్నా, నా రిబ్బను ఎరుపేదీ?"

"పోయింది."

"ఎలా మరి?"

"బయటికెళ్ళు. వస్తుంది."

పరదా దాటి పరుగెత్తుకెళ్తే నిజంగానే వచ్చేది. మళ్ళీ లోపలికి. మళ్ళీ పోయేది. నాన్న ఒక చేత్తో నీళ్ళలో నానుతున్న ప్రింట్లు కదుపుతూ, విసుక్కోకుండా, ప్రతిసారీ అదే గొంతుతో అదే జవాబు చెప్పేవాడు. బయట కిటికీ దగ్గర్నుంచి అత్తయ్య మాత్రం అరిచేది: "ఆ తలుపు ఊడి చేతికొస్తే మీ తండ్రీకూతుళ్ళను మేకులతో బిగిస్తాను!"

చిట్టి పెద్దదయ్యే వేళకు కంప్యూటర్లు వచ్చాయి. అప్పటికే స్టూడియోలవాళ్ళ కోసం ఒక మాసపత్రిక వచ్చేది. కొత్త కెమెరాల సంగతులు, దీపాలు ఎలా పెట్టాలి, ఫోటోలు కడిగే డెవలపర్ మందు ఏ పాళ్ళలో కలపాలి, ఇలాంటివి. చూడటానికి మాత్రం ఆ పత్రిక గోడమీద అంటించిన నోటీసులా ఉండేది. అన్నీ లావుపాటి నల్ల అక్షరాలే. అయినా నాన్న దాన్ని ప్రాణంలా చదివేవాడు. అదీ బయట కాదు. ముందు గదిలో కూర్చుంటే గిరాకీలు, అత్తయ్య సాధింపులు, ఫోను మోతలు. అందుకని ప్రింట్లు నీళ్ళలో నానుతున్నంతసేపూ డార్క్‌రూములో ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఎర్ర బల్బు కింద పత్రిక పట్టుకునేవాడు. తలుపు తీయకూడదన్న పద్ధతి ఆయనకు అలా కలిసొచ్చింది. "మా తమ్ముడు లోపల ప్రింట్లు కడుగుతున్నాడో, పత్రిక నములుతున్నాడో ఆ భగవంతుడికే తెలియాలి" అనేది అత్తయ్య.

ఆ పత్రిక ఎడిటర్ గారికి ఒకనాడు హఠాత్తుగా కొత్తదనం మీద మోజు పుట్టింది. కంప్యూటరు కొన్నాడు. దాని ముందు కూర్చునే మనిషి కోసం వెతికి, స్టూడియోలో పుట్టి పెరిగిన పిల్ల, పైగా రంగులు తెలిసిన పిల్ల అని చిట్టిని తీసుకున్నాడు. నాన్నకు ఇది పెద్దగా రుచించలేదు. "మన స్టూడియో ఉండగా ఎవరి కాగితాలకో రంగులు పులమడమేంటి?" అని గొణిగాడు. వద్దని మాత్రం అనలేదు.

చిట్టి లెక్క వేరు. నాన్న మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వదలకుండా చదివే పత్రిక లోకంలో అదొక్కటే. దాన్ని తను అందంగా తయారు చేస్తే, ఇక తప్పించుకుంటాడా? ఎర్ర బల్బు కింద తన పేజీలు తిప్పి, తల పక్కకు వాల్చి, ఆ ఒక్క మాట అనక ఎక్కడికి పోతాడు?

ఎడిటర్ గారి గదిలో గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం ఉండేది: "మన పాఠకుడు ఎవరు?" కొత్త రూపం గురించి మాట్లాడటానికి కూర్చున్న రోజున ఆయన ఆ కాగితాన్ని కర్రతో కొట్టి చూపించాడు.

"చెప్పండి. ఎవరాయన?"

"స్టూడియో యజమాని" అంది చిట్టి.

"నడివయసు" అన్నాడు ప్రూఫులు చూసే పంతులు గారు.

"మీసాలుంటాయి" అన్నాడు ఎడిటర్ గారు. ఆయనకు ఎవరి గురించి ఆలోచించినా మీసాలతోనే మొదలవుతుంది. "పొద్దున్నే స్టూడియో తెరుస్తాడు. ముందు కుర్చీ వేసుకుంటాడు. ఎండ పడుతుంటుంది. కాఫీ చేతిలో ఉంటుంది. మన పత్రిక విప్పుతాడు. ఆహా!"

ఆ ఆహా విని ముగ్గురికీ మనిషి ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది. చిట్టి ఉత్సాహంగా ఆయన బొమ్మ కూడా గీసింది. మీసాలు, కుర్చీ, కాఫీ కప్పు, మీద ఎండ. ఎడిటర్ గారు దాన్ని కాగితం కింద అంటించాడు. ఇక ఆ బొమ్మలో ఆయనకు నచ్చేలా ఫాంట్లూ రంగులూ ఏరడం మొదలైంది.

ఒక ఫాంటు పలక మీద సుద్దముక్కతో దిద్దినట్టు లావుగా ఉంది. పాతదే మళ్ళీ ఎందుకని తీసేశారు. ఇంకోదానికి ప్రతి అక్షరానికీ తోకలు. శుభలేఖకు పనికొస్తుంది గానీ మందు పాళ్ళు చెప్పడానికి బాగోదన్నారు. మూడోది సన్నగా, గుండ్రంగా, నాజూగ్గా ఉంది. చిట్టికి చూడగానే ప్రాణం లేచొచ్చింది. పంతులు గారు మాత్రం కళ్ళజోడు పైకెత్తి, "ఈ అక్షరాలకు ఎవరూ తిండి పెట్టడం లేదా అమ్మాయ్?" అని అడిగాడు. ఎడిటర్ గారు ఆయన మాట కొట్టిపారేశాడు.

రంగు దగ్గర చిట్టి అత్తయ్య పాఠమే గుర్తుచేసుకుంది. చూసే కళ్ళెవరివి? స్టూడియో వాళ్ళవి. స్టూడియోల బోర్డులన్నీ ఏ రంగు? ఎరుపు. అయితే హెడ్డింగులన్నీ ఎరుపు. మందు కలిపే పాళ్ళు చటుక్కున కంటికి ఆనాలి కదా, అందుకని వాటికి విడిగా ఒక గడి కట్టి, గడిలోని మాటలూ ఎర్రగానే పెట్టింది. ఆఖరి పేజీలో, అట్టడుగున, చీమ తలంత అక్షరాల్లో పేజీలు తీర్చినవారి పేరు వేసే చోటు ఉంది. అక్కడ తన పేరు పెట్టి, దాన్నీ ఎరుపే చేసింది. అచ్చయిన మొదటి ప్రతి బల్ల మీద విప్పితే ట్యూబులైటు వెలుతురులో పేజీలు మెరిసిపోయాయి. ఎడిటర్ గారు ఈసారి రెండుసార్లు ఆహా అన్నాడు.

ఆ ప్రతి చిట్టి తనే తీసుకొచ్చి కౌంటరు మీద పెట్టింది. నాన్న చేతులు తుడుచుకుని, అట్ట చూసి, లోపలికి పట్టుకెళ్ళాడు. పరదా పడింది. తలుపు మూసుకుంది. చిట్టి కిటికీ పక్కన కూర్చుని ఆ పరదానే చూస్తూ ఉండిపోయింది.

"ఎంతసేపు చూసినా ఆ గుడ్డ మాట్లాడదే" అంది అత్తయ్య.

నాన్న బయటికొచ్చాడు. మొహంలో ఏమీ లేదు. "పనుంది" అని కెమెరా సర్దుకున్నాడు. ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. చిట్టికి ముద్ద దిగలేదు. అడగడానికి అహం అడ్డొచ్చింది, అడక్కుండా ఉండటానికి ప్రాణం ఒప్పుకోలేదు. వారమంతా ఇంట్లో పిల్లిలా తిరిగింది. చివరికి ఒక పొద్దున కాఫీ తాగుతూ నాన్న, కప్పులోకే చూస్తూ అన్నాడు.

"పత్రిక చదివానే."

"చదివి?"

"పరవాలేదు."

అంతే! చిట్టి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆఫీసు దాకా నడిచిందో తేలిందో తనకే తెలియదు. దారిలో కనిపించిన ప్రతి స్టూడియో బోర్డుకూ నవ్వుతూ వెళ్ళింది. ఒక్క మాటకే ఇంత సంబరమా అనకండి. ఎదురుచూసిన వాళ్ళకు తెలుస్తుంది దాని ఖరీదు.

ఆ సంబరం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ఆఫీసులో ఫోను మోగింది.

"ఏమండీ, హెడ్డింగులు వెయ్యడం మానేశారా?" అన్నదొక గొంతు.

ఎడిటర్ గారు బల్ల మీద పత్రిక విప్పి చూసుకున్నాడు. హెడ్డింగులు నిక్షేపంలా ఉన్నాయి. "కళ్ళజోడు మార్చుకోండి సార్" అని పెట్టేశాడు. పెట్టాడో లేదో మళ్ళీ మోగింది. మందు పాళ్ళు ఉండాల్సిన గడి ఖాళీగా ఉందని ఒకాయన. తర్వాత ఇంకొకాయన, ఆయన గొంతులో ఏడుపొక్కటే తక్కువ. పాళ్ళు కనపడక అందాజుగా మందు కలిపి ఒక పెళ్ళి ఫోటోలన్నీ మసిగుడ్డలు చేసుకున్నాడట. పెళ్ళివాళ్ళు స్టూడియో ముందే కూర్చున్నారట. ఎడిటర్ గారు సగం ప్రతులకు ఎర్ర సిరా పడలేదేమోనని ప్రెస్సుకు పరుగెత్తాడు. అక్కడి మిషను మనిషి ఒట్టు పెట్టి మరీ అన్నిటికీ పడిందన్నాడు. ఉస్సురంటూ తిరిగొచ్చేసరికి మళ్ళీ ఫోను. ఈసారి చిట్టి ఎత్తింది.

"అమ్మా, ఇదేం గారడీ? బయట చూస్తే అక్షరాలున్నాయి, డార్క్‌రూములో చూస్తే లేవు!"

 రిసీవరు చేతిలో ఉండగానే చిట్టి కళ్ళ ముందు జడ, జడకు తెల్లబడిన రిబ్బను కనిపించాయి. పోయింది. బయటికెళ్తే వస్తుంది. ఆ ఆట ఎన్నివందలసార్లు ఆడి ఉంటుంది తను! లోకంలో ఎవరికి తెలియకపోయినా తనకు తెలియాలి కదా. మందు పాళ్ళు చదువుకునేది మందు కలిపే చోట. ఆ మాత్రం తట్టలేదు. కుర్చీ, కాఫీ, ఎండ అని బొమ్మ గీసి గోడకు అంటించింది తన చేత్తోనే.

"స్టూడియోలో పుట్టిన పిల్లవనే కదమ్మా నిన్ను తీసుకున్నాను!" అన్నాడు ఎడిటర్ గారు సంగతి విని. కోప్పడటానికి కూడా ఓపిక లేక కుర్చీలో కూలబడ్డాడు. "వచ్చే సంచిక కూడా ఇలాగే అయితే నా వల్ల కాదు. పాత పద్ధతికే వెళ్ళిపోతాను. అప్పుడు నీ దారి నువ్వు చూసుకోవాలి. ముందే చెప్తున్నాను."

ఉద్యోగం సంగతి అలా ఉంచండి. ఇంటికి వస్తుంటే దారిలో అంతకన్నా చేదైన ఆలోచన ఒకటి వచ్చింది. నాన్న పత్రిక చదివేది ఎక్కడ? ఆ గదిలోనే. ఆ బల్బు కిందే. అక్కడ హెడ్డింగు ఒక్కటి కూడా కనపడదు. మరి ఏం చదివాడు? చదవలేదు. తెరిచి కూడా చూడలేదు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంటుందని ఆ మాట ముష్టి వేసినట్టు వేశాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఎదురుచూసిన మాట ఇలా ఉత్తుత్తిగా వచ్చిందని తలుచుకుంటే తల కొట్టేసినట్టయింది.

ముందు గదిలో అత్తయ్య ఏదో అడుగుతున్నా వినిపించుకోకుండా పరదా లాగి తలుపు దబదబ కొట్టింది.

"ఆగు" అన్నాడు నాన్న.

ఇంత కోపంలోనూ ఆగింది. ఆ ఇంటి పద్ధతి అది.

"రా."

లోపల ఎర్ర వెలుగు, హైపో మందు వాసన, నీళ్ళ చప్పుడు. నాన్న ఒక ప్రింటును ఈ ట్రేలోంచి ఆ ట్రేలోకి మారుస్తున్నాడు.

"నువ్వు పత్రిక చదవలేదు కదూ?"

"చదివానన్నాను కదే."

"ఎలా చదివావు? ఈ బల్బు కింద ఒక్క హెడ్డింగు కనపడదు. అందరూ ఫోన్లు చేసి తిడుతున్నారు. నువ్వొక్కడివే ఎలా చదివావు? చదవకపోతే చదవలేదని చెప్పొచ్చుగా. జాలిపడి పరవాలేదనడం ఎందుకు? నాకేం అక్కర్లేదు నీ జాలి!"

నాన్న చేతులు తుడుచుకున్నాడు. పై అరలో ఫోటో కాగితాలు చుట్టొచ్చే నల్ల కవరులోంచి పత్రిక తీసి, విప్పి, బల్బు కింద పట్టాడు.

హెడ్డింగులన్నీ ఉన్నాయి. నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. పేజీ తిప్పింది. ఉన్నాయి. మందు పాళ్ళ గడిలో ప్రతి మాటా ఉంది. చిట్టికి మతి పోయింది. ఎరుపు ఇక్కడెలా కనిపిస్తోంది? పత్రిక లాక్కుని తలుపు తీసి, పరదా దాటి, కిటికీ వెలుతురులోకి పట్టుకెళ్ళింది.

ఎర్ర అక్షరాల మీద ఎవరో నల్ల సిరాతో దిద్దారు. ఒక్కో అక్షరం, ఒక్కో గుడి, ఒక్కో కొమ్ము. ఫోటోల మీద దుమ్ము పడి మిగిలిన తెల్ల చుక్కలను పూడ్చే కుంచె ఒకటి నాన్న దగ్గర ఉంది. దానికి ఉన్నవే నాలుగు వెంట్రుకలు. ఆ కుంచెతో మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా దిద్దాడు. అక్కడక్కడా నలుపు అంచుల్లోంచి ఎరుపు తొంగిచూస్తోంది. నాజూకు అక్షరాలు కాస్త ఒళ్ళు చేశాయి. ఆఖరి పేజీ అట్టడుగున చీమ తలంత అక్షరాల్లో ఉన్న తన పేరును కూడా దిద్దాడు. అక్కడ సిరా ఇసుమంతైనా పక్కకు పోలేదు.

"వారమంతా ఇదే పని" అంది అత్తయ్య. "నా కుర్చీ లాక్కుని, నన్ను రంగు వెయ్యనివ్వకుండా, ఇక్కడే కూర్చున్నాడు. నువ్వు ఆఫీసుకు వెళ్ళడం ఆలస్యం, మొదలు. నీతో చెప్తే ఊరుకోనన్నాడు. నా నోరు ఎంత గొప్పదో నీకు తెలుసుగా, కుట్టేసుకుని కూర్చున్నాను."

నాన్న పరదా పక్కన నిలబడి ఉన్నాడు. పగటి వెలుతురుకు కళ్ళు చికిలించాడు.

"మొదటి రోజే చెప్పొచ్చుగా నాన్నా?" అంది చిట్టి.

"ఏమని చెప్పమంటావే? నువ్వు చేసిన మొదటి పత్రిక. తెరిచి చూస్తే నాకు తెల్లకాగితం కనిపించిందని ఎలా చెప్పను? నోరు రాలేదు."

"తప్పు నాదేగా."

"ఆ బల్బుది."

"మరి పరవాలేదన్నది?"

"దిద్దుతూ ప్రతి అక్షరం చూశాను కదా." నాన్న తల ఒక పక్కకు వాల్చాడు. "పరవాలేదు. బాగానే పెట్టావు."

చిట్టి పత్రికను గుండెకు హత్తుకుని భోరుమంది. తనెంత పిచ్చిదో, నాన్నెంత పిచ్చివాడో తలుచుకుంటే ఏడుపాగలేదు. అత్తయ్య "సిరా చెమ్మకు కరుగుతుందే మొద్దూ, దూరంగా పెట్టుకుని ఏడు" అని కసిరి, తన కొంగుతోనే చిట్టి మొహం తుడిచింది.

తర్వాతి సంచికకు ఫాంట్లూ రంగులూ ఆఫీసులో ఏరలేదు. డార్క్‌రూములోనే ఏరారు. అత్తయ్య డబ్బాల్లోని రంగులన్నీ కాగితం ముక్కలకు పూసి, చిట్టి ఒక్కొక్కటీ బల్బు కింద పట్టింది. ఎరుపు పోయింది. నారింజ పోయింది. గులాబీ, పసుపు ఎప్పుడు పోయాయో కూడా తెలియలేదు. ఆకుపచ్చ కాస్త నిలబడింది. ముదురు నీలం మాత్రం నలుపుకు తోడబుట్టినదానిలా నిటారుగా నిలబడింది.

"శాలువా నీలమే చివరికి గెలిచింది చూడు" అంది అత్తయ్య తలుపు పక్కనుంచి.

అక్షరాల నమూనాలు పట్టుకుని చిట్టి నిలబడితే, నాన్న స్టూలు మీద కూర్చుని, రోజూ పత్రిక పట్టుకునే దూరంలో పట్టుకుని చూశాడు. సన్నటి ఫాంటు చూసి, "దీనికి కాళ్ళు కనపడటం లేదే" అన్నాడు. తోకల ఫాంటు చూసి పక్కన పెట్టేశాడు. పలక మీద దిద్దినట్టున్న లావు ఫాంటు దగ్గర ఆగి, చేత్తో పట్టుకుని, గడిలోని పాళ్ళు గడగడా చదివేశాడు. చిట్టికి నవ్వొచ్చింది. అందరూ కలిసి మొదట్లోనే తీసేసిన ఫాంటు అది.

ఎడిటర్ గారిని కూడా లాక్కొచ్చింది. ఆయన చీకట్లో ఫోటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జరుకు తల కొట్టుకుని, ట్రేలో చెయ్యి పెట్టి, చివరికి తడుముకుంటూ ఆ ఎత్తు స్టూలు ఎక్కి కూర్చుని చుట్టూ చూశాడు. "ఇదా మన పాఠకుడి కుర్చీ?" అన్నాడు. ఆఫీసుకు వెళ్ళాక గోడ మీది ఎండబొమ్మను తనే చింపేశాడు.

ముదురు నీలం హెడ్డింగులతో, లావు అక్షరాలతో పత్రిక వచ్చింది. ఎవరూ ఫోను చేసి పొగడలేదు. తిట్టనూ లేదు. అలా ఫోను మోగకుండా గడిచిన నెలలే చిట్టి ఉద్యోగానికి మంచి రోజులు. నెలనెలా మొదటి ప్రతి తెచ్చి కౌంటరు మీద పెట్టేది. నాన్న చేతులు తుడుచుకుని లోపలికి పట్టుకెళ్ళేవాడు. బయటికొచ్చి "ఊఁ" అనేవాడు. ఒక్కో నెల ఇంకో మాట కూడా అనేవాడు. ఆ నెలల్లో చిట్టి తలెత్తుకుని నడిచేది.

ఏళ్ళు ఎలా పోయాయో చూస్తుండగానే పోయాయి. ఫిల్ము పోయింది. హైపో వాసన పోయింది. స్టూడియోల్లో డార్క్‌రూములు విరిగిన కుర్చీలు దాచుకునే కొట్లయ్యాయి. రంగు వేయించుకోవడానికి ఎవరూ రాక అత్తయ్య డబ్బాల్లో రంగులు గట్టిపడ్డాయి. ఎడిటర్ గారు ఒకరోజు చిట్టిని పిలిచి, "ఇంకా ఆ నీలమేంటమ్మా? ఇప్పుడెవరూ చీకట్లో చదవడం లేదు కదా. ఎరుపు వెయ్యి, నారింజ వెయ్యి, నీ ఇష్టం" అన్నాడు.

"ఒక్క పాఠకుడున్నాడండీ" అంది చిట్టి.

ఎడిటర్ గారికి ఎవరో అర్థమైంది. తను ఎక్కి కూర్చున్న స్టూలు ఆయనింకా మర్చిపోలేదు. "ఒక్కడి కోసం పత్రికంతా... సరే, కానివ్వు" అని గొణుక్కుని ఊరుకున్నాడు.

నిజమే, నాన్న ఇంకా అక్కడే చదివేవాడు. ట్రేలు ఎండిపోయినా, కుళాయి కట్టేసి ఉన్నా, మధ్యాహ్నం కాగానే చేతులు కడుక్కుని, తుడుచుకుని, పరదా దాటి లోపలికి వెళ్ళి, ఎర్ర బల్బు వేసుకుని స్టూలెక్కి కూర్చునేవాడు. "బయట వెలుతురు బోలెడంత ఉంటే ఆ గుహలో ఎందుకురా?" అని అత్తయ్య అంటే, "అక్కడైతే చదివింది తలకెక్కుతుందక్కా" అనేవాడు. చిట్టి ఆయన కోసం అక్షరాలను ఇంకాస్త లావు చేసింది. పత్రిక చదివేవాళ్ళెవరికీ ఎందుకో తెలియదు.

నాన్న పోయిన నెల పత్రిక రావడం ఆలస్యమైంది.

అది వచ్చినప్పుడు హెడ్డింగులు ఎర్రగా ఉన్నాయి. సన్నగా, గుండ్రంగా, నాజూగ్గా. కొత్తగా చేరిన వాళ్ళు "ఎంత బాగుందో మేడమ్, ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదు?" అన్నారు. ఎడిటర్ గారు మొదటి ప్రతి విప్పి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

చిట్టి అలవాటు కొద్దీ మొదటి ప్రతి స్టూడియోకు తెచ్చింది. కౌంటరు మీద పెట్టింది. కిటికీ పక్కన కుర్చీలో అత్తయ్య ఉంది. ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. తీసుకెళ్ళేవాళ్ళు లేక పత్రిక కాసేపు కౌంటరు మీదే ఉండిపోయింది. చిట్టి దాన్ని తనే తీసుకుని, చేతులు తుడుచుకుని, పరదా దాటి తలుపు ముందు ఆగింది. లోపల ఎవరూ లేరని తెలుసు. అయినా ఒకసారి తట్టి, ఆగింది. తర్వాత లోపలికి వెళ్ళి బల్బు వేసింది.

స్టూలు మీద కూర్చుని పత్రిక విప్పింది. హెడ్డింగులు ఉండాల్సిన చోటల్లా తెల్లకాగితమే. పేజీ తిప్పింది. తెల్లకాగితమే. ఆఖరి పేజీ అడుగున తన పేరూ లేదు. పై అరలో కుంచె అలాగే ఉంది, నాలుగు వెంట్రుకలూ కలిసి ఒక్క ముల్లులా గట్టిపడ్డాయి. చిట్టి దాన్ని చేతిలోకి తీసుకుని కూర్చుంది.

"ఏమేవ్, అంతసేపు లోపల ఏం చేస్తున్నావే?" అని కిటికీ దగ్గర్నుంచి అత్తయ్య కేకేసింది.

"పత్రిక చదువుతున్నా అత్తయ్యా."

"ఎలా ఉందే?"

చిట్టి పత్రిక మూసింది.

"పోయింది అత్తయ్యా."

అవతల కుర్చీ జరిగిన శబ్దం, గోడ పట్టుకుని మెల్లగా నడిచొస్తున్న అడుగుల శబ్దం వినిపించాయి. పరదా దగ్గర అవి ఆగాయి. అత్తయ్య తలుపు తీయలేదు.

"బయటికి రావే చిట్టీ" అంది. "వస్తుంది."